గుంటలో పిల్ల వదిలినట్టే కొత్త ఖాతా!

తొందరపడితే మూత - ఓపిక పడితే బేరం
మైపాడు తీరంలో ఎండుచేపల బేరగాళ్ళు నేర్చుకున్న పాఠం

ఇందుకూరుపేట: ఏటా ఏప్రిల్ 15 వచ్చిందంటే తూర్పు తీరంలో మరపడవల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, ప్రభుత్వం వేటను నిషేధిస్తుంది. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునే వుంటాయి, వలలు చెట్ల నీడన పడి వుంటాయి. పాలేల్లో పొయ్యి మీద ఎసరు పెట్టాలంటే అంతకుముందు ఉప్పు పట్టించి ఎండబెట్టుకున్న నెత్తళ్ళు, వంజరం ముక్కలు, ఎండు రొయ్యలే దిక్కు.

ఈ సరుకును ఆడవాళ్ళు గంపల్లో పెట్టుకొని బస్సెక్కి నెల్లూరు వీధుల్లో తిరిగి అమ్ముకోవడం ఏనాటినుంచో వున్నదే. ఇప్పుడు గంపకు తోడు సెల్‌ఫోను వచ్చింది. పాలెంలో చదువుకున్న కుర్రవాళ్ళు ఫోనులో ఖాతా తెరిచి, సరుకు ఫోటోలు పెట్టి, ఇంటి దగ్గరే బేరం కుదుర్చుకుంటున్నారు. కష్టం తగ్గింది, దళారీ బెడద తప్పింది. అయితే ఈ కొత్త బేరానికీ ఒక పద్ధతి వుందనీ, అది తెలియకపోతే వున్న పరువు కూడా పోతుందనీ మైపాడుకు చేరువలోని ఒక పాలెంలో జరిగిన ఉదంతం చెబుతోంది.

ఒక్క పూటలో మూడు వందల మంది

ఆ పాలెంలో ఇంటరు చదివిన ఒక యువకుడు వేట ఆగిన మూడోరోజున కొత్త సిమ్ము కొన్నాడు. ఫోనులో సందేశాల ఖాతా తెరిచాడు. పెళ్ళి పిలుపుల చిట్టాలోనుంచి, స్నేహితుల ఫోన్లలోనుంచి ఏరుకొచ్చిన మూడు వందల నంబర్లను అదేరోజు ఎక్కించాడు. సాయంత్రానికి ఒక గ్రూపు కట్టి అందరినీ అందులో చేర్చాడు. ధరల పట్టీ అందరికీ ఒకేసారి పంపాడు. ఆ వచ్చింది ఎవరి నంబరో ఆ మూడు వందల మందిలో నూటికి తొంభైమందికి తెలియదు.

అయినా రాత్రికి రెండు బేరాలు తగిలాయి. వేదాయపాళెం నుంచి ఒకరు, బాలాజీనగర్ నుంచి ఒకరు డబ్బు ముందుగానే పంపారు. ఇంట్లో అందరూ సంతోషించారు. తెల్లవారి చూస్తే ఖాతా తెరుచుకోలేదు. ఈ నంబరు వాడటానికి వీల్లేదన్న నోటీసు ఒక్కటే తెర మీద కనిపించింది. బేరగాళ్ళ చిరునామాలు ఆ ఖాతాలోనే వుండిపోయాయి. కాగితం మీద ఒక్క అక్షరం రాసుకొన్నది లేదు.

డబ్బును తిప్పి పంపగలిగాడు గాని పోయిన మాటను తిప్పి తెచ్చుకోలేకపోయాడు. సరుకు రాలేదు, సమాధానం రాలేదని అప్పటికే ఆ ఇద్దరిలో ఒకరు తమ కాలనీ గ్రూపులో ‘మైపాడు ఎండుచేపల పేరుతో మోసం, ఈ నంబరుకు డబ్బు వేయొద్దు’ అని పెట్టేశారు. ఇరవై ఏళ్ళుగా అదే వీధుల్లో గంప దించుతున్న అతని తల్లికి ఆ సంగతి తెలియదు. ఎప్పటిలాగే వెళ్ళింది.

“ఏందమ్మే, ఆ నంబరు మీ పిల్లోడిదేనంట గదా?” అని వాడుక ఇంటావిడ గుమ్మంలోనే నిలదీసింది.

తల్లి గంప ఎత్తుకొని తిరిగి వచ్చేసింది. “గంప మోసి ఇరవై ఏండ్లు సంపాదించుకున్న నమ్మకం నాయనా, ఒక్క పూటలో పోయె గదా” అని కొడుకు ముందు కూలబడింది. ఆ వేసవిలో వారి సరుకు సగం అమ్ముడుపోక దళారీకి వచ్చిన ధరకు పోయింది.

మామ చెప్పిన లెక్క

ఆ యువకునికి దారి చూపింది ఫోన్ల దుకాణం వాడు కాదు, రొయ్యల గుంట చేసే మేనమామ. నెల్లూరు తీరంలో గుంట సంగతులు తెలియని ఇల్లు తక్కువ.

“పిల్ల తెచ్చినోడు సంచి కోసి గుంటలో బుడుక్కున పోస్తాడా అబ్బయ్యా? అట్టా పోస్తే ఒక్కటన్నా బతుకుతుందా?” అని మామ అడిగాడు.

హేచరీ నుంచి వచ్చిన రొయ్య పిల్ల సంచులను ముందు మూతి విప్పకుండానే గుంట నీళ్ళలో తేలవేస్తారు. లోపలి వేడి, బయటి వేడి ఒకటి కావాలి. ఆ తర్వాత మూతి విప్పి గుంట నీటిని కొంచెం కొంచెంగా సంచిలోకి పోస్తారు. ఉప్పదనం అలవాటు పడాలి. అప్పుడే పిల్లను వదులుతారు. మేత కూడా అంతే. తొలిరోజు లక్ష పిల్లకు ఒకటిన్నర, రెండు కిలోలతో మొదలుపెట్టి రోజురోజుకూ కొద్దికొద్దిగా పెంచుతారు. పిల్ల ఎదిగాక చెక్‌ట్రే ఎత్తి చూసి, తిన్నదాన్నిబట్టి మరునాటి మేత నిర్ణయిస్తారు. తొందరపడి మేత గుమ్మరిస్తే అడుగున కుళ్ళి నీరు చెడుతుంది.

“నీ ఫోను ఖాతా గూడా పిల్లలాంటిదే. నువ్వు తొలిరోజే నెలనాళ్ళ మేత ఏసినావు” అన్నాడు మామ. ఆ మాట పాలెంలో ఇప్పుడు సామెతగా నిలిచిపోయింది.

యంత్రానికి తెలిసేది నడవడికే

మామ చెప్పింది పల్లెటూరి పోలికే అయినా కంపెనీల లెక్క కూడా దాదాపు అదే. ఒకరికొకరు పంపుకునే సందేశంలోని మాటలను చదవలేమని వాట్సాప్ చెబుతుంది. కాబట్టి ఖాతా మంచిదో చెడ్డదో ఆ యంత్రాలు దాని నడవడికనుబట్టి పోల్చుకుంటాయి. ఖాతా పుట్టి ఎంతసేపయింది, ఎంత వేగంగా సందేశాలు పోతున్నాయి, అందుకున్నవారు బదులిస్తున్నారా, లేక ఆ నంబరును అడ్డగించి ఫిర్యాదు చేస్తున్నారా అన్నవే ఆనవాళ్ళు. ఖాతా తెరిచి అయిదు నిమిషాలు కాకముందే 15 సెకన్లలో 100 సందేశాలు పంపబోయేవాడు దాదాపుగా దుర్వినియోగం చేసేవాడేనని ఆ సంస్థ 2019లో విడుదల చేసిన పత్రంలో ఉదాహరణ ఇచ్చింది. అప్పట్లో ప్రపంచం మొత్తం మీద నెలకు 20 లక్షలకు పైగా ఖాతాలు తొలగిస్తున్నామనీ, వాటిలో నూటికి 75కు పైగా ఎవరూ ఫిర్యాదు చేయకముందే పట్టుబడుతున్నాయనీ అదే పత్రం చెప్పింది.

మన దేశం సంగతీ తక్కువేమీ కాదు. 2021 నాటి కొత్త ఐ.టి. నిబంధనల కింద ఇచ్చిన తొలి నివేదికలో, ఆ ఏడాది మే 15 నుంచి జూన్ 15 వరకు ఒక్క నెలలో భారతదేశానికి చెందిన 20 లక్షల ఖాతాలను నిషేధించినట్లు వాట్సాప్ వెల్లడించింది. అందులో నూటికి 95కు పైగా అనుమతి లేకుండా మూకుమ్మడిగానో, యంత్రం సాయంతోనో సందేశాలు పంపినందుకు మూతపడ్డవే. ఆ లక్షల్లో మోసగాళ్ళే ఎక్కువ కావచ్చు. కాని పాలెం యువకునిలా తెలియక తొందరపడినవాడు కూడా యంత్రం కంటికి మోసగాడిలాగే కనిపిస్తాడు.

ఎన్ని సందేశాలు దాటితే మూత పడుతుందో ఏ కంపెనీ కచ్చితంగా చెప్పదు. చెబితే మోసగాళ్ళు ఆ గీతకు ఒక్క అడుగు ఇవతల నిలబడి పని కానిచ్చుకుంటారు. అందువల్ల మామూలు మనిషి నడిచినట్టు నడవడం ఒక్కటే దారి. కొత్తగా ఊళ్ళోకి కాపురం వచ్చినవాడు తొలినాడే ఇంటింటి తలుపూ తట్టడు. ఇరుగుపొరుగుతో పలకరింపులు, ఆ తర్వాత వీధి, ఆ తర్వాతే ఊరు.

కృష్ణపట్నం చూసిన రద్దీ

ఒక మాట ఒక్కసారిగా లోకమంతా పాకితే ఏమవుతుందో నెల్లూరు తీరానికి వేరే చెప్పనక్కరలేదు. 2021 మే నెలలో కోవిడ్ ఉధృతంగా వున్న రోజుల్లో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు ఉచితంగా ఇస్తున్న మందు సంగతి వీడియోల ద్వారా ఫోన్లకెక్కింది. మే 21న వేలాదిగా జనం ఆ చిన్న ఊరి మీద పడ్డారు. అంబులెన్సుల్లో రోగులు సైతం వచ్చారు. దూరం పాటించాల్సిన రోజుల్లో ఒకరినొకరు తోసుకున్నారు. ఆనాడే పంపిణీ నిలిచిపోయింది. పరిశీలన తర్వాత మే 31న కంటి చుక్కలు మినహా మిగిలినవాటిలో కొన్నింటికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అయితే అది కోవిడ్‌ను నయం చేస్తుందన్న రుజువు లేదనీ, డాక్టర్లు రాసిన మందులు మానవద్దనీ అధికారులు స్పష్టం చేశారు.

ఆ మందు మంచిచెడ్డల ముచ్చట ఇక్కడ అప్రస్తుతం. ఊరు మోయలేనంత జనాన్ని ఫోను ఒక్క పూటలో తెచ్చి పడేయగలదన్నది గమనార్హం. వంద మందికి సరుకు ఇవ్వగలిగినవాడికి పదివేల మంది తెలిసినా నష్టమే. ఇవ్వలేకపోయిన ప్రతి ఒక్కరూ తిట్టుకుంటూ పోతారు.

వారం వారం నడక

మొదటి దెబ్బ తిన్న యువకుడు రెండోసారి తొందరపడలేదు. వేట ఆగాక కాక, వేట సాగుతున్న జనవరిలోనే ఖాతా తెరిచాడు. వేసవి నాటికి దానికి నాలుగు నెలల వయసు వుండాలన్నది అతని లెక్క. అతను అనుసరించిన పద్ధతిని ఇప్పుడు పాలెంలో మరికొందరు పాటిస్తున్నారు.

మొదటి వారం పేరు, ఊరు, సరుకు వివరాలు, ఫోటో సక్రమంగా పెట్టడం. ఖాతాను వేరేవాళ్ళు కాజేయకుండా ఆరంకెల రహస్య సంఖ్య పెట్టుకోవడం. బంధువులు, పాత వాడుక ఇళ్ళవారు మొత్తం ఇరవై మందికి మించకుండా ఒక్కొక్కరినే పలకరించడం. తన నంబరును వారి ఫోనుల్లో పేరుతో దాచుకోమని అడగడం. ఈ చివరిది చిన్న పనిగా కనిపించినా ముఖ్యమైనది. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా పంపే సందేశం మన నంబరు దాచుకున్నవారికే చేరుతుంది. దాచుకోనివారికి ఎంత పంపినా వృథాయే.

రెండో వారం నుంచి రోజుకు ఒక్క స్టేటస్. తెల్లవారుజామున ఒడ్డుకు చేరిన పడవ, ఇసుక తగలకుండా పట్టాల మీద ఆరబోసిన నెత్తళ్ళు, తల్లి ఉప్పు పట్టిస్తున్న తీరు. ధరల పట్టీ వారానికి ఒక్కసారే. అడిగినవారికి వెంటనే బదులు.

నెల దాటాక, కొన్నవారే తమవారికి చెబితే వచ్చిన కొత్త నంబర్లు. ఎవరినీ అడగకుండా గ్రూపులో చేర్చడం మానేశారు. ‘చేర్చమంటారా?’ అని అడిగి, అవునన్నవారినే చేర్చుతున్నారు. ఎవరైనా వద్దంటే మళ్ళీ పంపడం లేదు. వచ్చిన సందేశాన్నల్లా అందరికీ తోసేయడం కూడా కట్టిపెట్టారు. వదంతుల వల్ల ప్రాణాలు పోతున్నాయని 2018లోనే మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారి అయిదుగురికి మించి తోయకుండా వాట్సాప్ కట్టడి చేసింది. 2020 ఏప్రిల్ నుంచి చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారి ఒక్కరికే పంపనిస్తున్నది.

వేట నిషేధం వచ్చేనాటికి ఆ ఖాతాకు అరవై ఇళ్ళ వాడుక ఏర్పడింది. అరవై అంటే ఫోను లోకంలో లెక్కలోకి రాని అంకె. ఎండుచేపల ఇంటికి మాత్రం అది రెండు నెలల గాసం.

వీడియోలదీ అదే దారి

వేట వీడియోలు, చేపల పులుసు వీడియోలు తీసి యూట్యూబులో పెట్టాలన్న ఉత్సాహం తీరంలో చాలామంది కుర్రవాళ్ళకు వుంది. అక్కడా మెట్లున్నాయి. 15 నిమిషాలకు మించిన వీడియో పెట్టాలంటే ముందు ఫోను నంబరు రుజువు చేసుకోవాలి. సెల్‌ఫోను నుంచి ప్రత్యక్ష ప్రసారం చేయాలంటే కనీసం 50 మంది చందాదారులు కావాలి. మొదటిసారి ఆ సౌకర్యం తెరుచుకోవడానికి 24 గంటలు పట్టవచ్చు. ప్రకటనల ఆదాయం రావాలంటే 1000 మంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ వుండాలన్న నియమం 2018లో వచ్చింది.

ఈ అంకెలు చూసి చాలామంది చందాదారులను కొనడానికి సిద్ధపడుతుంటారు. అలా కొన్నవి నిలవవు. 2018 జూలైలో ట్విట్టర్ అనుమానాస్పద ఖాతాలను లెక్కలోంచి తీసివేస్తే పేరుమోసినవారి అనుచరుల సంఖ్య సైతం రాత్రికి రాత్రి పడిపోయింది. అదే ఏడాది నవంబరులో దొంగ లైకులను తొలగిస్తామని ఇన్‌స్టాగ్రామ్ ప్రకటించింది.

ఓపికకు తెలుగునాటే మంచి ఉదాహరణ వుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో ‘మై విలేజ్ షో’ మొదలుపెట్టారు. ఊరి మనుషులే నటులు, ఊరి మాటే భాష. ఆ వీడియోల ద్వారా పేరు తెచ్చుకున్న వ్యవసాయ కూలీ గంగవ్వ 2020లో బిగ్‌బాస్ నాలుగో విడతకు వెళ్ళేనాటికి ఆ ఛానెల్ పుట్టి ఎనిమిదేళ్ళు. గంగవ్వ పేరు అందరికీ తెలుసు, వెనకవున్న ఎనిమిదేళ్ళే ఎవరికీ కనిపించవు.

మోసగాళ్ళకూ ఓపిక వుంది

ఈ విద్య మంచివారికే పరిమితం కాదన్నది కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి. ఖాతా పాతదైతే యంత్రం నమ్ముతుందని మోసగాళ్ళకు తెలుసు. అందుకే కొందరు నెలల తరబడి దేవుళ్ళ బొమ్మలు, శుభోదయం పూలు పెట్టుకుంటూ ఖాతాను మేపుతారు. జనం పోగయ్యాక పేరు మార్చి అప్పుల యాప్ అనో, వాటాల పెట్టుబడి అనో గాలం వేస్తారు. సముద్రంలో గాలానికి కట్టే ఎర కూడా చూడటానికి చేపలాగే వుంటుంది మరి.

దీనికీ విరుగుడు వున్నది. ఫేస్‌బుక్ పేజీలో పారదర్శకత విభాగం తెరిస్తే ఆ పేజీ ఎప్పుడు పుట్టిందీ, ఎన్నిసార్లు పేరు మారిందీ తెలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ‘ఈ ఖాతా గురించి’ అన్నచోట చేరిన తేదీ చాలా ఖాతాలకు కనిపిస్తుంది. నిన్నటిదాకా పూల పేజీ, ఇవాళ పెట్టుబడుల పేజీ అయితే దూరంగా వుండడం మేలు. డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.

పెంచిన ఖాతాను పాడుపెట్టడమూ నష్టమే. 120 రోజులు ముట్టని వాట్సాప్ ఖాతాను సాధారణంగా సంస్థ తొలగిస్తుంది. వాడని సిమ్ము 90 రోజుల తర్వాత రద్దు కావచ్చు, ఆ నంబరు మరొకరికి పోవచ్చు. బేరం లేని నెలల్లో కూడా అప్పుడప్పుడు ఖాతా తెరిచి పలకరిస్తూ వుండాలి.

పొరపాటున ఖాతా మూతపడితే కంగారుపడి వెంటనే మరో సిమ్ముతో అదే పని చేయరాదు. పునఃపరిశీలన కోరే మీట అక్కడే వుంటుంది. జరిగింది క్లుప్తంగా రాసి వేచివుండాలి.

చిట్టా పుస్తకం

మైపాడు పాలెం యువకుని ఇంట్లో ఇప్పుడు ఫోను పక్కనే ఒక అరఠావు పుస్తకం వుంది. ఎవరు ఎంత పంపారు, ఏ వీధి, ఏ ఇల్లు, సరుకు ఎప్పుడు చేరింది అన్నీ అందులో రాస్తున్నాడు. ఖాతా పోయినా వాడుక పోకూడదన్నది అతని జాగ్రత్త. మొదటిసారి నింద వేసిన కాలనీకి తల్లీకొడుకులిద్దరూ కలిసి వెళ్ళి, డబ్బు తిప్పి పంపిన రసీదు చూపించి, ఊరికే తలా గుప్పెడు నెత్తళ్ళు ఇచ్చి వచ్చారు. ఆ వీధినుంచి మళ్ళీ తొలి బేరం రావడానికి నాలుగు నెలలు పట్టింది. ‘మోసం’ అని గ్రూపులో పెట్టినావిడే ఆ బేరం చేయడం విశేషం.

వేట నిషేధ కాలంలో ఖాళీగా వుండే మత్స్యకార యువకులకు, పొదుపు సంఘాల మహిళలకు ఫోను బేరంలో మెలకువల మీద ఒక్కరోజు శిక్షణ ఇప్పించాలని తీరవాసులు కోరుతున్నారు. పడవకు, వలకు ఇచ్చే సాయంతోపాటు ఈ మాత్రం తోడు దొరికితే చాలంటున్నారు.

“గంప దించినరోజే అన్ని ఇళ్ళోళ్ళూ కొన్నారా నా దగ్గర? నీళ్ళు తాగమని పిలిచేదానికే ఆర్నెల్లు పట్టింది” అంటోంది ఆ తల్లి. ఇప్పటికీ ఆమె వారానికి రెండుసార్లు గంపతో నెల్లూరు బస్సు ఎక్కుతూనే వుంది.